వేళ్ళ లెక్క

తనకు ఇద్దరు కాశమ్మలు కనిపిస్తున్నారని మాలకొండయ్య అన్న రోజున, నిజం చెప్పొద్దూ, కాశమ్మ సిగ్గుపడింది.

సిగ్గుపడక ఏం చేస్తుంది? పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. కూతురు విశాలాక్షిని హనుమంతునిపాడులో ఇచ్చి కూడా మూడేళ్ళవుతోంది. అయినా ఆ మనిషి నోటికి మాత్రం వయసు రాలేదు. స్వయానా మేనమామ కూతుర్ని చేసుకున్నాడు కదా, మరదల్ని ఏడిపించడం తన హక్కు అనుకుంటాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే "పొద్దున్నే సముద్రం దాకా పోయొచ్చినావా?" అంటాడు. తక్కువైతే "మా మామ నీకు సారెలో ఉప్పు కూడా పెట్టి పంపలేదే" అంటాడు. ఆమెకు ఉక్రోషం వస్తే చాలు, ఆయనకు కడుపు నిండినట్టే.

ఆ పొద్దున ఆమె సంగటి పెడుతుంటే తల ఎత్తి, కళ్ళు చికిలించి చూశాడు.

"ఏంది బావా, అట్ల చూస్తావు?"

"ఒకదానితోనే వేగలేకుండా ఉండా మరదలా. ఇప్పుడు ఇద్దరు నిలబడినారు. ఇద్దరి చేతుల్లోనూ తెడ్డుంది."

"అయితే ఆ రెండోదాన్నే అడిగి పెట్టించుకో," అని ఆమె తెడ్డు కుండలో పడేసి లోపలికి పోయింది. పోయి తలుపు చాటున నిలబడి నవ్వుకుంది. నలభై దాటిన ఆడదాన్ని పట్టుకుని ఇద్దరుగా కనిపిస్తున్నావనే మొగుడు ఎంతమందికి ఉంటాడు?

వినేవాళ్ళకు ఒళ్ళు మండొచ్చు. మనిషికి ఒకటి రెండుగా కనిపిస్తుంటే అది జబ్బని తెలియదా అని అడగొచ్చు. తెలియదు. బావ చెప్పింది మరదలు నమ్మకూడదన్నది ఆ వైపు పల్లెల్లో ఆడపిల్లలు ముందుగా నేర్చుకునే చదువు. నమ్మి పరిగెత్తినదాన్ని చూసి ఊరంతా నవ్వుతుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి తేలు కుట్టిందని ఆయన అరిస్తే, కాశమ్మ చెప్పుల్లేకుండా రెండు మైళ్ళు పోయి మంత్రగాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వచ్చి చూస్తే ఈయన మంచం మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నాడు. ఆ తర్వాత ఆయన మాటల్లో సగం కూడా నమ్మడం మానేసింది. అది ఆమె తప్పేం కాదు.

కర్నూలు నుంచి రాజధాని లేచి హైదరాబాదుకు పోయి మూడేళ్ళయిన కాలమది. పుల్లలచెరువు దాపు పల్లెలన్నీ అప్పుడు కర్నూలు జిల్లాలోనివే. అంతా మెట్ట సేద్యం. పండిన ఏడు జొన్నల్ని పాతరల్లో దాచేవాళ్ళు. నిలువెత్తు గుంత తవ్వి, అడుగునా పక్కలా గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పి అలికేస్తే రెండేళ్ళయినా ఆ గింజ తిండికి పనికొచ్చేది. కానీ పాతర తీసేటప్పుడు లోపలికి దిగడానికి అందరికీ గుండె చాలదు. మాలకొండయ్య మీసం రాకముందు నుంచీ దిగుతున్నాడు. ముందు దీపం దించి, అది ఆరిపోకుండా ఉంటేనే తాను దిగేవాడు. లోపల ఉక్క, చీకటి, పక్క గోడలకంటుకుని బూజు పట్టిన జొన్నల నుంచి లేచే దుమ్ము. ఆ దుమ్ము పీలుస్తూనే మంచి గింజనూ చెడ్డ గింజనూ వాసన చూసి వేరు చేసేవాడు.

లోపలి మాట పైకి సరిగ్గా వినపడదు. అందుకని తాడుతోనే మాట్లాడేవాడు. ఒకసారి లాగితే గంప నిండిందని. రెండుసార్లు లాగితే ఖాళీ గంప దించమని. మూడుసార్లు లాగితే తనను పైకి తీయమని. వెనక ఎంతమంది మగవాళ్ళు నిలబడ్డా సరే, తాడు మీద ముందు చెయ్యి కాశమ్మదైతేనే దిగేవాడు.

"వాళ్ళందరికీ జొన్నలు కావాల. దీనికొక్కదానికే నేను కావాల," అనేవాడు, అందరూ వింటుండగానే. ఆమె తాడు గట్టిగా పట్టుకుని తల వంచుకునేది. ఆయన పైకి వచ్చేదాకా ఆమె మంచినీళ్ళు కూడా ముట్టేది కాదని ఊళ్ళో అందరికీ తెలుసు.

అసలు ముందు పోయింది కన్ను కాదు, ముక్కు. ఏడాదిగా ఎడమ ముక్కు దిబ్బడ. పడిశమన్నారు. కాశమ్మ అత్త రామతులసమ్మ వావిలాకు కాచి కొడుక్కి ఆవిరి పట్టించింది, సాంబ్రాణి పొగ వేసింది, మిరియాల కషాయం తాగించింది. ముక్కు తెరుచుకోలేదు. ఒకరోజు పప్పు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, "కమ్మగా ఉంది మరదలా" అని మారు వడ్డించుకుని తిన్నాడు. కాశమ్మ అదీ ఎగతాళే అనుకుని గిన్నె ఎత్తుకుపోయింది.

సంగతి బయటపెట్టింది వీరభద్రయ్య శెట్టి. మార్కాపురంలో జొన్నల వ్యాపారం ఆయనది. ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి పాతరలు కొంటున్నాడు. మాలకొండయ్య వాసన చూసి మంచిదన్నాడంటే శెట్టి మళ్ళీ చెయ్యి పెట్టి చూసేవాడు కాదు. అలాంటిది ఆ వేసవిలో దుకాణంలో నాలుగు బస్తాలు విప్పేసరికి గుప్పుమని ముక్కిన కంపు వచ్చింది. శెట్టి బండి కట్టించుకుని తానే వచ్చాడు. కొట్లాటకే వచ్చాడు. మూటగట్టి తెచ్చిన జొన్నల్లోంచి గుప్పెడు తీసి మాలకొండయ్య ముక్కు కింద పెట్టాడు.

"ఇది మంచి గింజేనా? వాసన చూసి చెప్పు."

మాలకొండయ్య గట్టిగా పీల్చాడు. "బాగానే ఉండాయి గదా శెట్టీ."

అంత కోపంతో వచ్చినవాడు అక్కడే ఆగిపోయాడు. ఈ మనిషి నోటితో ఎన్ని వేషాలైనా వేస్తాడు గానీ జొన్నల దగ్గర ఎప్పుడూ ఆడలేదు. శెట్టి ఆయన ముఖంలోకి వంగి చూశాడు. ఎడమ కనుగుడ్డు ముందుకు తోసుకొచ్చి ఉంది. రెప్ప పూర్తిగా మూసుకోవడం లేదు. రోజూ చూసే ఇంటివాళ్ళకు తెలియని తేడా ఏడాదికొకసారి వచ్చేవాడికి తెలిసింది.

"కాశమ్మా, ఇట్ల రా తల్లీ. ఈ కన్ను ఎన్నాళ్ళ నుంచి ఇట్ల ఉంది?"

కాశమ్మ వచ్చి చూసింది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న ముఖమే. చూస్తున్నాననుకుంది గానీ చూడలేదని అప్పుడు తెలిసింది. శెట్టి తన అరచేత్తో మాలకొండయ్య కుడికన్ను మూశాడు.

"ఇప్పుడు నీ పెళ్ళాం కనపడతా ఉందా?"

మాలకొండయ్య నవ్వబోయి మానేశాడు. "లేదు శెట్టీ. రెండు నెలలైంది, ఆ పక్క అంతా పొగ కమ్మి."

"మరి నాకెందుకు చెప్పలేదు బావా?"

"చెప్పినా గదా. ఇద్దరుగా ఉండావని చెప్పినా. తర్వాత ఒకతి ఎటో పోయిందని కూడా చెప్పినా. పీడ పోయిందని నువ్వే నవ్వినావు."

నిజమే. నవ్వింది. తన నోరు తానే కొట్టుకోవాలనిపించింది ఆమెకు.

బస్తాల మాట శెట్టి మళ్ళీ ఎత్తలేదు. "కర్నూల్లో కరుణాకరం అని డాక్టరుండాడు. కన్నూ ముక్కూ రెండూ చూస్తాడు. మా తమ్ముణ్ణి ఆయనే బాగు చేసినాడు. కుడి కన్నన్నా దక్కించుకోవాల, జాగు చేయమాకండి," అని డాక్టరు పేరు, ఆసుపత్రి దారి కాగితం మీద రాసిచ్చి, బండెక్కి వెళ్ళిపోయాడు.

బయలుదేరే ముందురోజు పొరుగింటి సరోజమ్మ వచ్చింది. మంచిదే పాపం, కాని తెలిసింది సగమైనా పూర్తిగా తెలిసినట్టు చెబుతుంది. రెండేళ్ళ కిందట ఆమె తండ్రి చెంచయ్యకు రెండు కళ్ళూ పోతే ఎక్కడో పెద్ద డాక్టర్లకు చూపించారు.

"వాళ్ళేం చేస్తారో తెలుసునా వదినా? చెయ్యెత్తి ఎన్ని వేళ్ళని అడుగుతారు. మూడు చూపిస్తే మా నాయన ఐదన్నాడు. రెండు చూపిస్తే నాలుగన్నాడు. అంతే, చీటీ మీద ఏందో గీకి ఇంటికి తోలేసినారు. వేళ్ళు చెప్పినోళ్ళకే మంచం ఇస్తారు. చెప్పలేనోళ్ళకు దారి చూపిస్తారు."

చెంచయ్య కళ్ళలో నరాలు అప్పటికే చచ్చిపోయాయని, వైద్యం లేకనే పంపించారని సరోజమ్మకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆమె మాట కాశమ్మ గుండెలో మేకులా దిగిపోయింది.

మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కారు. కాశమ్మకు అదే మొదటి రైలు ప్రయాణం. కంభం, గిద్దలూరు దాటాక అడవి మొదలైంది. కిటికీలోంచి ఏది కనిపించినా ఆయనకు చూపించాలని చెయ్యి ఎత్తేది, మళ్ళీ దించుకునేది. కుడికన్నుతో ఎంత చూడగలుగుతున్నాడో అడగడానికి ఆమెకు నోరు రాలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని.

దిగువమెట్ట దాటాక రైలు బొగడ సొరంగంలోకి దూరింది. పెట్టె నిండా ఒక్కసారిగా చీకటి. పిల్లలు సంబరంగా కేకలు వేశారు. కాశమ్మ మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. తన చెయ్యి తనకే కనిపించలేదు. ఆ సొరంగం ఎంతకూ తెగలేదు. ఆ చీకట్లో ఆయన చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె చేతి మీద పడింది.

"భయపడమాక మరదలా. మొదట్లో ఇట్లనే ఉంటాది. తర్వాత అలవాటవతాది."

"అంటే కుడిది కూడానా బావా?"

"నీ ముఖం తెలస్తా ఉంది," అన్నాడాయన. "ముక్కుపుడక తెలవడం లేదు."

రైలు వెలుతురులోకి వచ్చేసరికి ఆమె కొంగు తడిసిపోయింది. ఆ కుడికన్ను ఒక్కటీ నిలబెట్టమని, ఇంకేమీ అడగనని మాలకొండ నరసింహస్వామికి మొక్కుకుంది. నంద్యాలలో దిగి, బస్సెక్కి, కర్నూలు చేరేదాకా ఆమె తలలో ఒక్కటే తిరుగుతోంది. ఈ చూపుతో ఈయన వేళ్ళెట్లా చెబుతాడు? చెప్పలేకపోతే డాక్టరు ఇంటికి పొమ్మంటే ఆ కన్నును ఎవరు కాపాడతారు?

డాక్టరు కరుణాకరం తక్కువ మాట్లాడే మనిషి. ముక్కులోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. ఎక్సరే తీయించాడు. ముక్కు లోపల నుంచి గోరంత కండ తీసి సీసాలో వేసి, మద్రాసుకు పరీక్షకు పంపమన్నాడు. ఏం పని చేస్తావని అడిగి, పాతరల సంగతి విని రాసుకున్నాడు. ఎడమకన్నులో చూపు లేదని తేల్చుకుని, దాని మీద దూది పెట్టి, ఆరడుగుల దూరంలో నిలబడి చెయ్యెత్తాడు.

"ఎన్ని వేళ్ళు?"

కాశమ్మ మొగుడి వెనక నిలబడి ఉంది. కళ్ళు తిరిగి పడతాడు సార్, పట్టుకోవాల అని ముందే చెప్పి పెట్టుకుంది. ఆమె చెయ్యి ఆయన వీపు మీద ఉంది. డాక్టరు చూపించింది మూడు వేళ్ళు. మాలకొండయ్య నోరు తెరవలేదు. ఆయన వీపు బిగుసుకుపోవడం ఆమె అరచేతికి తెలిసింది. ఆలోచించింది లేదు, ఏమీ లేదు. వేలితో మూడుసార్లు తట్టింది.

"మూడు," అన్నాడు మాలకొండయ్య.

ఇన్నేళ్ళుగా తాడు మీద మాట్లాడుకున్న మనుషులు. వాళ్ళకు వేరే చెప్పుకోవాల్సిన పనేముంది? రెండు. నాలుగు. ఒకటి. ఐదు. ఒక్కటీ తప్పు పోలేదు. చివరికి డాక్టరు పిడికిలి చూపించాడు. ఆమె తట్టలేదు.

"వేళ్ళే లేవు గదా సార్," అన్నాడాయన, కాస్త గర్వంగా కూడా.

డాక్టరు తలూపి కాగితం మీద రాసుకున్నాడు. "కుడికన్ను బాగుంది. అంత తొందరేం లేదు. మద్రాసు నుంచి రిపోర్టు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. లోపలున్నదేమిటో తెలియకుండా కత్తి పెట్టడం మంచిది కాదు. వచ్చాక ఆపరేషను చేద్దాం. ఈలోగా చూపు ఏమాత్రం తగ్గినా ఆ రోజే బయలుదేరి రండి," అన్నాడు.

బయటికి వచ్చాక మాలకొండయ్య వీపు రుద్దుకున్నాడు. "ఐదు చూపించినప్పుడు అంత గట్టిగా కొట్టాలనా? వాచిపోయింది."

"ఊరుకో బావా. పాసైనావు, అది చాలు."

హోటలుకు పోయి ఇద్దరూ ఇడ్లీలు తిన్నారు. ఆమె తన పళ్ళెంలోది ఒకటి ఆయన పళ్ళెంలో వేసింది. కొడుకు మెట్రిక్ పాసైన తల్లిలా వెలిగిపోయింది ఆ పూట. ఏం మనుషులు వీళ్ళు అని నెత్తిన మొట్టాలనిపిస్తుంది గానీ, అప్పుడు ఆమె ముఖం చూసినవాళ్ళెవరికీ చెయ్యి లేచేది కాదు.

ఊరికి వచ్చాక నాలుగైదు రోజులు బాగానే ఉంది. ఆ తర్వాత ఇంట్లో ఏదో తక్కువైనట్టు కాశమ్మకు అనిపించింది. ఏమిటో తెలియలేదు. గొడ్లున్నాయి, అత్త ఉంది, ఆయన అరుగు మీదే ఉన్నాడు. ఆలోచించగా ఆలోచించగా తెలిసింది. బావ తనను ఒక్క మాటా అనడం లేదు. చీర కొంగు చిరిగినా అనలేదు, రొట్టె మాడినా అనలేదు. పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, గోడకు చేరగిలబడుతున్నాడు.

పదకొండో రోజున ఆమె కావాలనే పులుసులో రెండు గుప్పిళ్ళ ఉప్పు గుమ్మరించింది. ఆయన పక్కనే కూర్చుని చూసింది. మొదటి ముద్దకే ఆయన ముఖం వికారమైంది. మింగాడు. నీళ్ళు తాగాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"ఉప్పు తెలవలేదా బావా?"

"తెలిసింది."

"మరి ఒక్క మాటన్నా అనవేంది?"

ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "అనేదానికి నీ ముఖం కనపడాల గదా మరదలా. నీకు కోపమొచ్చిందో, నవ్వొచ్చిందో చూడకుండా ఎగతాళి చేసేదెట్ల? ఆరు రోజులైంది నీ ముఖం చూసి."

కాశమ్మ ఆ పళ్ళెం తీసేసింది. ఆయన చెయ్యి తానే కడిగింది. ఆ తడి చేతిని రెండు చేతులతో పట్టుకుని, "ఆరు రోజులు నాకు చెప్పకుండా ఎట్ల ఉన్నావు బావా?" అని భోరుమంది. రిపోర్టు రాకముందే పోతే మంచం ఇవ్వరనుకున్నానని, మళ్ళీ ఆ వేళ్ళ పరీక్షకు నువ్వు భయపడతావనుకున్నానని ఆయన గొణిగాడు. మర్నాడు మళ్ళీ రైలెక్కారు. ఈసారి సొరంగం వచ్చినప్పుడు ఆమె కళ్ళు మూసుకుని, ఆయన భుజానికి తల ఆనించుకుని కూర్చుంది.

మాలకొండయ్యను కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరు ఆరడుగుల దూరంలో చెయ్యెత్తాడు. కాశమ్మ చెయ్యి దానంతట అదే ఆయన వీపు మీదికి పోయింది.

"వద్దు మరదలా," అన్నాడాయన మెల్లగా. డాక్టరు వైపు తిరిగి, "తెలవడం లేదు సార్," అన్నాడు.

డాక్టరు మూడడుగులు ముందుకు వచ్చాడు. తెలవడం లేదన్నాడు మాలకొండయ్య. డాక్టరు చెయ్యి అడుగు దూరంలో పెట్టాడు. చెయ్యి ఊగినట్టుందన్నాడు, అంతే. డాక్టరు పాత కాగితం తీసి చూశాడు. మేజా మీద ఉన్న ఇంకో కవరు కూడా విప్పి చూశాడు. ఆయన ముఖం మారిపోయింది.

"మద్రాసు రిపోర్టు ఈ పొద్దునే వచ్చింది. ముక్కు పక్క ఎముక గూటిలో బూజు పెరిగిందని రాశారు. కానీ అది నెలల తరబడి మెల్లగా చూపు తీస్తుంది. పదమూడు రోజుల కిందట ఆరడుగుల్లో ఒక్క వేలు కూడా తప్పు చెప్పలేదు మీరు. ఇంత వేగంగా పోయిందంటే ఇది బూజు ఒక్కటే కాదు. తలలో గడ్డేదో ఉండాలి. ముక్కులో ఆపరేషను చేసినా లాభం ఉండదు. మద్రాసు తీసుకుపోండి, ఉత్తరం రాసిస్తాను." ఆయన కలం మూత తీశాడు.

కాశమ్మకు ఆయన చెప్పిన జబ్బులు అర్థం కాలేదు. కానీ ఆయన వేలు ఆ పాత కాగితం మీద ఎక్కడ ఆగిందో చూసింది. ఆ గీతలన్నీ తాను తట్టిన తట్లే. అవి నమ్మి ఈ డాక్టరు తన బావను ఎక్కడికో పంపించేస్తున్నాడు. చెబితే దొంగలని గెంటేస్తారు. చెప్పకపోతే మద్రాసు చేరి, అక్కడ ఎవరో చూసేలోపు ఆ మిగిలిన కాస్త చూపూ ఆరిపోతుంది. కుర్చీ వెనక నుంచి ముందుకు వచ్చింది.

"ఆ కాగితం మీద ఉండేది నా లెక్క సార్," అంది. "ఆయనది కాదు."

డాక్టరు తలెత్తాడు.

"నేను వెనకమాల నుంచి వేలితో తట్టినా. ఎన్ని తట్టితే అన్ని చెప్పినాడు. ఆయనకు ఆ పొద్దు కూడా వేళ్ళు తెలవలేదు."

"ఆమె మాట వినమాకండి సార్," అన్నాడు మాలకొండయ్య కుర్చీలోంచి లేవబోతూ. "తట్టమన్నది నేను. ఆమెకేం తెలవదు."

"ఈయన మాట ఎప్పుడూ నమ్మమాకండి సార్. పుట్టినప్పటి నుంచీ ఇంతే."

డాక్టరు కలం కింద పెట్టాడు. కోపంతో ఆయన పెదవులు బిగుసుకున్నాయి. "ఎందుకమ్మా ఈ పని చేశావు?"

"వేళ్ళు చెప్పలేనోళ్ళను ఇంటికి పంపిస్తారంట గదా సార్."

"చెప్పలేనివాళ్ళ కోసమే కదమ్మా నేనిక్కడున్నది." ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. కిటికీ దాకా పోయి వచ్చాడు. "పదమూడు రోజులు. ఆ రోజే నిజం చెప్పి ఉంటే రిపోర్టు కోసం కూడా ఆగేవాణ్ణి కాదు."

ఆ మాట కాశమ్మ తల వంచుకుని భరించింది. ఆయన ఇంకా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. కానీ డాక్టరు ఉత్తరం కాగితం చించేసి, నర్సును పిలిచి, మర్నాడు పొద్దున్నే ఆపరేషనుకు ఏర్పాట్లు చేయమన్నాడు. చూపు మెల్లగానే పోయిందంటే ఇది బూజు పనే, కంటి నరం మీద ఒత్తుతోంది, తీసేస్తే ఒత్తిడి తగ్గుతుంది అని చెప్పాడు. పాతరల్లో జొన్నలకు పట్టే బూజు లాంటిదే, ఆ దుమ్ములోంచే చేరి ఉండొచ్చన్నాడు. ఎడమ కన్ను ఇక రాదు. కుడిది ఎంత మిగిలి ఉంటే అంత. మాట మాత్రం ఇవ్వలేనన్నాడు.

ఆపరేషనయ్యాక ఎనిమిది రోజులు కళ్ళకు కట్టు. కాశమ్మ గంజి తాగిస్తూ, ముఖం తుడుస్తూ, మంచం పక్క నేల మీదే ఉండిపోయింది. ఐదో రోజున ఇక ఉండబట్టలేక అడిగింది.

"చూపు రాకపోతే నా వల్లనే గదా బావా?"

"నీ వల్లనే," అన్నాడాయన. ఆమె గిన్నె కింద పెట్టేసింది. "ఇరవై రెండేళ్ళు నన్ను గుంతలోంచి బయటికి తీసింది కూడా నీ చెయ్యే. ఒకసారి తప్పు లాగిందని తాడు ఇంకొకరికిస్తానా? గంజి తాగించు, చల్లారతా ఉంది."

తొమ్మిదో రోజు పొద్దున డాక్టరు వచ్చి ముందు కాశమ్మ వైపు చూశాడు. "నువ్వు బయటికి పోవాలమ్మా." నర్సు నవ్వు ఆపుకుంది. కాశమ్మ మారు మాట్లాడకుండా వరండాలోకి పోయింది. తలుపు మూశారు.

గోడకు చెవి ఆనించి నిలబడింది. కట్టు విప్పుతున్న చప్పుడు. కళ్ళు తుడుస్తున్నట్టున్నారు. చాలాసేపు ఏమీ వినపడలేదు.

"ఎన్ని వేళ్ళు?"

"రెండు."

రెండేనా? డాక్టరు ఏమీ అనలేదు. తప్పు చెప్పాడేమో. కాశమ్మ వేలు ఊరికే గోడ మీద తడుతోంది, ఎన్ని తట్టాలో దానికి తెలియదు.

"ఇప్పుడు?"

"నాలుగు. కాదు సార్, ఉండండి. మూడు."

ఇక నిలబడలేకపోయింది. వరండాలో నాలుగడుగులు వేస్తే ఆ గది కిటికీ. ఊచలు పట్టుకుని లోపలికి చూసింది. డాక్టరు వీపు కిటికీ వైపు ఉంది, ఆయన చెయ్యి కనిపించలేదు. మాలకొండయ్య మాత్రం ఇటు తిరిగే కూర్చుని ఉన్నాడు. ఎడమ కంటికి దూది. కుడికన్ను ఎర్రగా, నీళ్ళు కారుతూ తెరుచుకుని ఉంది. పైకి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది గానీ ఏడుపు ఆగలేదు.

"సరిగ్గా చూడు. ఇప్పుడెన్ని?"

"సార్, వేళ్ళు తర్వాత చెప్తా. మీ వెనక కిటికీ కాడ ఎవురో నిలబడినారు."

"ఎవరు?"

"ముఖం తెలవడం లేదు. ఆడమనిషి. కొంగు నోట్లో పెట్టుకోనుంది." ఆయన మెడ ముందుకు చాచి కాసేపు చూశాడు. "మా మరదలు సార్. ఏడిస్తే అస్సలు బాగుండదు, ఎవరన్నా చూసేలోపల లోపలికి పిలవండి."

డాక్టరు వెనక్కి తిరిగి కిటికీ వైపు చూశాడు. కిటికీకీ కుర్చీకీ మధ్య దూరం చూపుతోనే కొలిచాడు.

"రాసుకో," అన్నాడు నర్సుతో. "కుడికన్ను. పన్నెండు అడుగుల్లో భార్యను గుర్తుపట్టాడు."

నర్సు రాసుకునేలోపే కాశమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది.